ఆకాశానికి వంతులు వేసిన రోజు

మా సాములోరికి నేను ఇరవై ఏండ్ల పైన వండిపెట్టినాను. ఒక్కనాడన్నా చారు బాగుందని అన్నాడా? అనలేదు. పోనీ బాగలేదని తిట్టినాడా? అదీ లేదు. ఏం పెట్టినా కండ్లు మూసుకుని తిని, "సర్వేశ్వరుని కృప" అనేవాడు. పొయ్యి ముందర పొగలో కండ్లు పోగొట్టుకునేది నేను, కృప మాత్రం సర్వేశ్వరునిది! ఒళ్ళు మండేది నాకు. అయినా ఆయన్ను వేరేవాళ్ళు ఒక మాటంటే మాత్రం ఊరుకునేవాణ్ణి కాదు. అనాలంటే నేనే అనాల.

ఆయనది పరాసుదేశం, పుదుచ్చేరి ఏలిన ఫ్రెంచివాళ్ళ సీమ. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉండేది గానీ, అది పలకబోతే నా నాలుక ఎక్కడ పెట్టుకోవాల్నో తెలిసేది కాదు. ఇక్కడికొచ్చినాక సుజ్ఞానస్వామి అని పెట్టుకున్నాడు. వాళ్ళ నాయన బట్టల వ్యాపారి. కొడుకును అంగట్లో కూర్చోబెడితే, వచ్చినోళ్ళకు బట్ట కొలవడం మానేసి కిటికీలోంచి ఎండ ఎంత జరిగిందో గోడమీద గీతలు గీస్తా ఉండేవాడంట. వీడితో వ్యాపారం కాదురా దేవుడా అని ఏసుసభ గురువులకు అప్పజెప్పినారు. వాళ్ళు ఓడెక్కించి మనమీదికి తోలినారు. ఓడలో అందరూ వాంతులు చేసుకుంటా పడుంటే, ఈయన ఒక్కడే నిటారుగా నిలబడి చుక్కల ఎత్తు కొలిచినాడంట. ఇది ఆయనే చెప్పినాడు, గొప్పకు కాదు, ఆ కొలత కొంచెం తప్పిందని బాధపడి చెప్పినాడు.

ఇక్కడ దిగినాక కావి కట్టినాడు, మాంసం మానేసినాడు, పావుకోళ్ళు తొడిగినాడు. ఆ పావుకోళ్ళమీద పడకుండా నడవడానికి తెలుగు నేర్చుకున్నంత కాలం పట్టింది. తెలుగు కూడా ఎట్ల నేర్చినాడనుకున్నారు? కడప దగ్గర ఒక ముసలి పండితుడి కాళ్ళకాడ కూర్చుని పుస్తకాల్లోది నేర్చినాడు. అందుకని ఉప్పు కావాలన్నా, "శాంతయ్యా, కించిత్తు లవణము" అనేవాడు. సంతలో ఆయన బేరమాడితే జనం పని మానుకుని వినేవాళ్ళు.

మనుషుల్ని తన దారికి తెమ్మని పంపితే వచ్చినవాళ్ళం నేనూ, ఇంకొక నాలుగైదు కుటుంబాలు. పైగురువులకు ఇదే కోపం. ఆ మనిషి సర్వేశ్వరుణ్ణి వదిలి, సర్వేశ్వరుడు పైన పెట్టిన దీపాల్ని చూస్తా కూర్చున్నాడని గొణిగేవాళ్ళు. నిజం చెప్పాలంటే వాళ్ళ గొణుగుడులో న్యాయం ఉంది.

ఇంతకీ నేను చెప్పబోయేది శుక్రుడి సంగతి. ఆ ఏడు ఎండాకాలం చివర్లో ఒకనాడు పొద్దున శుక్రుడు సూర్యుడి మొహం మీదుగా నడిచిపోతాడని సాములోరు ఎప్పటినుంచో లెక్కేసుకున్నాడు. అది ఎప్పుడో గానీ జరగదంట. మా తాతల తాతల కాలంలో ఒకసారి జరిగిందంట. ఇప్పుడు పోతే మళ్ళీ ఎనిమిదేండ్లకు, ఆ తర్వాత మన మనవళ్ళకు మనవళ్ళు చూడాల్సిందేనంట. సాములోరికి అప్పటికే డెబ్బై దాటినాయి. దగ్గు మొదలైతే అరపూట వదిలేది కాదు.

"ఎనిమిదేండ్లకు నేనుండను శాంతయ్యా," అన్నాడు. "నాకు ఇది యొక్కటే."

ఆయన ఏదీ కావాలని అడిగిన మనిషి కాదు. ఆ మాట విన్నాక, ఈ ఒక్కటన్నా ఆయనకు దొరికేట్టు చూడాలనుకున్నాను. సరే, పైకి కసురుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

మామూలుగా అయితే పుదుచ్చేరిలో కూర్చుని చూసేవాడే. కానీ ఆ సంక్రాంతి నెలలోనే చెన్నపట్నం ఇంగిలీసు కుంఫిణీవాళ్ళు పుదుచ్చేరి పట్టుకుని కోటను పడగొట్టినారు. మా చేతికి మిగిలింది ఒక దుర్భిణి గొట్టం, ఒక లోలకం గడియారం, రెండు గాడిదలు. ఆ గొట్టం మూరలకొద్దీ పొడవు. దాన్ని గాడిదమీద పెడితే, గాడిద మలుపు తిరిగినప్పుడల్లా దారిన పోయేవాడి వీపు పగిలేది. తిట్లు నేను తినేవాణ్ణి, దీవెనలు ఆయన ఇచ్చేవాడు.

మార్కాపురం సంతలో దిగి సాములోరు అందరినీ ఒకటే అడిగినాడు: "వర్షము పడని గ్రామము ఏది?"

ఇంక చూడాల! ఒక్కొక్కడూ ఎగబడినాడు. పొదిలివాడు మాదంటే మాదన్నాడు. హనుమంతునిపాడు మనిషొకడు, మా ఊళ్ళో పుట్టిన కప్పలకు ఈత రాదన్నాడు. నాకు రోషం వచ్చింది. "మా ఊళ్ళో కప్పంటే ఏందని పిల్లోళ్ళు అడుగుతారురా," అన్నాను. సంతంతా చప్పట్లు. సాములోరు నా భుజం తట్టినాడు. ఇరవై ఏండ్లలో అదే మొదటిసారి తట్టడం. అట్ల మా ఊరికి పోయినాం.

మా ఊరు గిద్దలూరుకు ఎగువన, నల్లమల అంచులో ఉంటుంది. ఊరి పక్కన గుట్ట, గుట్టమీద మంచం వేసినట్టు ఒక పరుపుబండ. చుట్టూ అడ్డం లేదు. సాములోరు బండ చూసి చిన్నపిల్లోడి మాదిరి దానిమీద అటూ ఇటూ నడిచినాడు. ఇక్కడే అన్నాడు.

ఊళ్ళో అయితే ఎవరి మొహానా కళ లేదు. రెండేండ్లుగా వానలు లేవు. మృగశిర వచ్చినా దుక్కిలో గింజ పడలేదు. నా తమ్ముడు సజ్జ విత్తనం మూట కట్టి దూలానికి వేలాడదీసి, పొద్దున లేస్తే దానికేసి చూసి నిట్టూర్చేవాడు. ఈసారి కూడా వాన ఎగ్గొడితే ఊరు ఖాళీ చేసి కంభం చెరువు కిందికి కూలికి పోవాల్సిందే. అందుకని ఊరంతా కలిసి వరదపాయసం పెట్టుకున్నారు. అంటే ఇంటింటా కొర్రబియ్యం, బెల్లం పోగుచేసి, గుట్టెక్కి పాయసం వండి, బండమీద పోస్తారు. మగవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ళమీద వంగి నాలుకతో నాకాల. అట్ల చేస్తే గుట్ట దిగేలోపల వాన పడుతుందని మావాళ్ళ నమ్మకం.

బండ ఏది? అదే బండ. రోజు ఏది? అదే రోజు.

ఆ ముందు రోజు పుల్లమ్మత్త మేం దిగిన గుడిసె దగ్గరికి వచ్చింది. పుల్లమ్మత్త అంటే మా ఊళ్ళో చిన్నామె కాదు. ఊరికంతా ఉన్నది ఒక్క మోటబావి. పదహారిండ్లవాళ్ళకు అందులో వంతులు. ఎవరి వంతు ఏ పూట, నీడ ఏ రాయి దాటితే కపిల ఎద్దుల్ని విప్పాల, ఇదంతా ఆమె నోటిమీద నడిచేది. సొంత మరిది గురవయ్య ఒకసారి తన వంతు దాటి నాలుగు బానలు ఎక్కువ తోడినాడని, ఎద్దుల్ని ఆమే విప్పి ఇంటికి తోలేసింది.

"సామీ," అంది, "రేపు మా పాయసం. నువ్వూ మీ దేవుణ్ణి వాన కోసం ఒక మాట అడుగు. పెద్దోడివి."

"అడుగుతున్నాడత్తా, రోజూ అదే పని," అని నేను గబుక్కున సర్దబోయినాను. సాములోరు చెయ్యెత్తి ఆపినాడు. అబద్ధం ఆడకూడదనే రోగం ఒకటి ఉంది ఆయనకు.

"అమ్మా, అసత్యము పలుకజాలను. మబ్బు రాకూడదని నేను నెల దినములుగా ప్రార్థించుచున్నాను."

పుల్లమ్మత్త కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను గుడిసె కప్పు చూసినాను.

"ఓరి నీ తపస్సు తగలబడ! మేం చినుకో అని ప్రాణాలు పెట్టుకుంటే నువ్వు అడ్డం కూర్చున్నావా? ఒరేయ్ శాంతయ్యా, దేశంలో ఊళ్ళే లేనట్టు ఈయన్ను మా నెత్తికి తెచ్చినావేందిరా?"

వెనకాల గురవయ్య అందుకున్నాడు. "అదీ సంగతి వదినా! రెండేండ్లుగా వాన ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది."

"ఆయన వచ్చి వారం కాలేదు గదా మామా," అన్నాను.

"అయితే ఏంది? దూరం నుంచే ఆపుంటాడు."

జనం పోగైనారు. నేను పోయి ఆయన ముందర అడ్డం నిలబడినాను. సాములోరు మాత్రం నెమ్మదిగా అన్నీ విప్పి చెప్పినాడు. శుక్రుడు సూర్యుడి లోపలికి ఏ క్షణాన దిగినాడో, ఏ క్షణాన బయటపడినాడో ఇక్కడ ఒకరు, సముద్రాల అవతల ఇంకొకరు చూసి, ఇద్దరి లెక్కలూ పోల్చుకుంటే సూర్యుడు ఎంత దూరాన ఉన్నాడో తేలుతుందంట.

"ఎంత దూరమేంది?" అంది పుల్లమ్మత్త. "మా నెత్తిమీదే ఉన్నాడు. రెండేండ్లుగా దిగలేదు."

సాములోరు నవ్వినాడు. ఆ తర్వాత తన వయసు చెప్పినాడు, ఎనిమిదేండ్ల సంగతి చెప్పినాడు, ఇది పోతే తనకు ఇంకేమీ లేదని చెప్పినాడు. పుల్లమ్మత్త ముక్కుమీద వేలేసుకుని వినింది.

"నీకు ఎంతసేపు కావాల?"

"ఒక పూట తల్లీ."

"ఒక్క పూటకా ఇంత గోల! ముందే చెప్తే పోయేదానికి నెల దినాలు పట్టుకుని పీడించినావు ఆ దేవుణ్ణి." చీర కొంగు బిగించి బావికాడ తీర్పు చెప్పినట్టే చెప్పేసింది. "రేపు పొద్దు పొడిచింది మొదలు మిట్టమధ్యాహ్నం దాకా ఆకాశం సామిది. ఆ పూట మనలో ఎవరూ వాన అని నోరెత్తగూడదు. మధ్యాహ్నం నుంచి ఆకాశం మనది. అప్పుడు సామి కూడా వానే అడగాల. మనసు పెట్టి అడగాల, పెదాలు ఆడిస్తే నేనొప్పుకోను."

"మరి మబ్బుకు ఈ సంగతి ఎవరు చెప్తారు వదినా?" అన్నాడు గురవయ్య.

"నువ్వు నోరు మూసుకుంటే అదే వింటుంది."

సాములోరు మెడలో సిలువ పట్టుకుని ఒప్పుకున్నాడు. ఆయన లెక్క ప్రకారం శుక్రుడు మధ్యాహ్నం కాకముందే బయటపడాల. అందుకని ధైర్యంగా మాటిచ్చినాడు.

మర్నాడు పొద్దున గుట్టమీద కర్రలు పాతి, గొర్రెలకాపరుల గొంగళ్ళు తెచ్చి కప్పి, చీకటి గుడారం వేసినాం. గొట్టం ముక్కు మాత్రం బయటికి. లోపల తెల్లపంచ కట్టినాం. గొట్టంలోంచి సూర్యుడు వచ్చి ఆ పంచమీద కంచమంత గుండ్రంగా పడినాడు. ఊరు ఊరంతా కుండలతో వచ్చి బండ ఆ కొసన కూర్చుంది. ఆకాశంలో దూదిపింజ లేదు. మాటమీద ఉన్నారు పాపం, ఒక్కరు కూడా వాన ఊసెత్తలేదు. ఒక ముసలాయనకు దాహమై నీళ్ళు అనబోయి కూడా ఆగిపోయినాడు.

శుక్రుడు రాలేదు. సాములోరు గడియారం చూస్తాడు, పంచ చూస్తాడు. పొద్దెక్కింది. ఆయన మొహం వాడిపోయింది. లెక్క తప్పిందేమోనని నేను కూడా నాకు తెలిసిన దేవుళ్ళందరినీ, వదిలేసిన పాతవాళ్ళతో సహా, తలచుకున్నాను.

ఉన్నట్టుండి "వచ్చినాడు!" అన్నాడు సాములోరు. సూర్యుడి అంచున చిన్న నొక్కు. అది పూర్తిగా లోపలికి దిగే క్షణం పట్టుకోవాల. ఆయన ఊపిరి బిగబట్టినాడు, నేను గడియారం దగ్గర బిగుసుకున్నాను. అంతలో పంచమీద సూర్యుడు మాయం. అంతా చీకటి.

బయటికి ఉరికితే ఏముంది! గురవయ్య గొట్టం ముక్కు ముందర వంగి, తలపాగాతో సహా మొహం పెట్టి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"ఏమీ లేదురా ఇందులో," అన్నాడు.

ఆయన్ను లాగి పడేసేసరికి శుక్రుడు లోపలికి దిగిపోయి, మినపగింజంత నల్లచుక్కగా నడుస్తున్నాడు. ప్రవేశం పోయింది. సాములోరు వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. దాని అర్థం నాకు తెలుసు, సన్నాసి నోట వచ్చిన మాట గాబట్టి చెప్పను. తర్వాత తేరుకుని, "నిష్క్రమణము మిగిలియున్నది. అది దొరికిన చాలును," అన్నాడు.

పుల్లమ్మత్త మరిదిని నిలబెట్టి కడిగేసింది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ వరసగా లోపలికి పంపింది చుక్క చూడమని. చివర్లో తానూ వచ్చి పంచ దగ్గర వంగి చూసింది.

"ఇదేనా?"

"ఇదే తల్లీ."

"దీనికోసమే సముద్రం దాటినావా?"

"దీనికొరకు కాదు. కానీ దాటినందుకు ఇది దొరికినది."

ఆమె మళ్ళీ పంచమీదికి వంగింది. చాలాసేపు చూసింది. పోతా పోతా, "పాపం, ఎండలో ఒక్కడే పోతున్నాడు," అంది శుక్రుణ్ణి.

పొద్దు నడినెత్తికి వచ్చింది. చుక్క ఇంకా సూర్యుడి లోపలే ఉంది. అంచుకు దగ్గరైంది గానీ బయటపడలేదు. ఆలస్యంగా వచ్చినవాడు ఆలస్యంగానే పోతాడు గదా, ఆయన లెక్కంతా వెనక్కి జరిగింది. కర్ర నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుంది. బయటినుంచి పుల్లమ్మత్త కేక వేసింది: "సామీ, నీ వంతు అయిపోయింది."

వినబడనట్టు ఉండిపో సామీ అన్నట్టు నేను సైగ చేసినాను. ఇంకాసేపు లోపలే ఉంటే ఎవరడుగుతారు? ఆ మనిషి నా మొహం చూసి, "మాట ఇచ్చితిని శాంతయ్యా," అన్నాడు. పంచను ఒకసారి చేత్తో తడిమి బయటికి పోయినాడు. నాకు ఎంత కోపమొచ్చిందంటే, ఆ గొట్టం ఎత్తి ఆయన నెత్తిమీదే వేద్దామనిపించింది.

బయట బండమీద పాయసం పోసినారు. మగవాళ్ళంతా చేతులు వెనక్కి కట్టుకుని మోకాళ్ళమీద వంగినారు. సాములోరు వాళ్ళకు దూరంగా, నల్లమల వైపు తిరిగి మోకరించినాడు. పుల్లమ్మత్తకు వినబడాలని తెలుగులోనే అడిగినాడు. "సర్వేశ్వరా, ఈ బిడ్డల భూమి ఎండిపోయినది. వాన ఇమ్ము. ఇప్పుడే ఇమ్ము." పెదాలు ఆడించడం కాదు. గుండెల్లోంచి అడిగినాడు. అడుగుతుంటే గడ్డం పొడుగునా కన్నీళ్ళు కారుతున్నాయి.

పుల్లమ్మత్త నా దగ్గరికి వచ్చింది. "ఏందిరా, ఎందుకేడుస్తున్నాడు?"

"చుక్క ఇంకా బయటికి రాలేదత్తా."

"రాలేదా? మరి లేచి వచ్చినాడేంది?"

"నువ్వు పిలిచినావు గదా."

ఆమె మొహం చూడాల అప్పుడు. గిర్రున తిరిగి అరిచింది: "ఒరేయ్, ఎవడూ నాలుక పెట్టొద్దు!"

ఊరి మగవాళ్ళంతా నాలుకలు బయటపెట్టి ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయినారు.

"గురవయ్య తలపాగాతో సామికి పొద్దున పోయింది. దానికి బదులు మన వంతులోంచి ఇస్తున్నా. ఆ చుక్క బయటపడిందాకా ఆకాశం మళ్ళీ సామిదే." సాములోరి రెక్క పట్టుకుని లేపింది. సన్నాసిని ఆడమనిషి తాకగూడదనే సంగతి ఆ నిమిషంలో ఎవరికీ గుర్తు రాలేదు. "పో సామీ, పో! నీ గుడారంలోకి ఉరుకు!"

ఆయన పావుకోళ్ళు వదిలేసి, కాలే బండమీద వట్టికాళ్ళతో ఉరికినాడు. నేను గడియారం కాడికి పోయినాను. చుక్క అంచుకు వెంట్రుక దూరంలో ఉంది. ఇంకాస్త, ఇంకొక్క కాస్త.

పంచమీద సూర్యుడు మసకబారినాడు.

మళ్ళీ గురవయ్యేననుకుని తిట్టుకుంటా బయటికి దూకినాను. గురవయ్య కాదు. నల్లమల మీదినుంచి మబ్బు లేచింది. రెండేండ్లుగా ఊరు మొహం చూడని మబ్బు, నల్లగా, నిండుగా, కొండంత మబ్బు, నేరుగా సూర్యుడికేసి పోతోంది. మోకాళ్ళమీదున్న మగవాళ్ళు తలలెత్తినారు. గురవయ్య సంతోషంతో కేకేయబోయి రెండు చేతులా నోరు మూసుకున్నాడు.

పుల్లమ్మత్త బండ నడిమధ్యకు పోయి నడుంమీద చెయ్యి పెట్టింది.

"ఏయ్! ఎక్కడికే? నీకు సిగ్గుందా? రెండేండ్లు పిలిస్తే రానిదానివి, ఇప్పుడు పిలవకుండా వస్తావా? ఆగవే అక్కడ! సామి వంతు ఇంకా కాలేదు!"

ఇంక ఊరు ఊరంతా లేచింది. తువ్వాళ్ళు ఊపినారు, కుండలు వాయించినారు, "ఆగు, ఇంకొంచెం ఆగు" అని అరిచినారు. దూలానికి విత్తనం మూట కట్టుకున్న నా తమ్ముడు పై పంచె విప్పి ఊపుతా అరిచినాడు. వాడి పక్కన నిలబడి నేనూ అరిచినాను. గొంతు పోయింది. నాకప్పుడు సజ్జ చేను అక్కరలేదు, ఏమీ అక్కరలేదు, ఆ మినపగింజ ఒక్కటి చాలనిపించింది.

మబ్బు ఆగలేదు. చుక్క బయటపడకముందే సూర్యుడు మునిగిపోయినాడు. గుడ్డివెలుతురు పడి గాలి లేచింది. బండమీద మొదటి చినుకు పెద్దగా టప్పున పడింది, పాయసంలోనే పడింది. తర్వాత కుండపోత.

ఎవరూ ఆడలేదు, పాడలేదు. తప్పు చేసినోళ్ళ మాదిరి తడుస్తా నిలబడినారు. సాములోరు గుడారంలోంచి బయటికి వచ్చినాడు. చేతిలో తడిసిన పంచ. పుల్లమ్మత్త మాత్రం ఇంకా మొహం పైకెత్తి ఆ మబ్బును నానా మాటలూ అంటానే ఉంది. గొంతు జీరపోయింది, అయినా ఆపలేదు.

ఆయన దగ్గరికి పోయి ఆమె తలమీద చెయ్యి పెట్టినాడు.

"దానిని తిట్టకు తల్లీ. అది నేను పిలువగా వచ్చినది."

పుల్లమ్మత్త నోరు మూతపడింది. రెండేండ్లు వాన కోసం కండ్లు కాయలు కాచిన మనిషి, ఆ వానలోనే ఆయన కాళ్ళ దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.